బడి నుంచి నేరకథల్లోకి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను 33 ఏళ్ళు ప్రభుత్వ పాఠశాలల్లో పనిచేశాను. భౌతికశాస్త్రం చెప్పాను, చివరి తొమ్మిదేళ్ళు ప్రధానోపాధ్యాయురాలిగా ఉన్నాను. 2024లో పదవీ విరమణ చేశాను. సర్వీసులో ఉండగా మొదలుపెట్టిన క్రైమ్ థ్రిల్లర్ నవల ఆ మరుసటి ఏడాది పుస్తకంగా వచ్చింది. ఇప్పుడు రెండోది రాస్తున్నాను. అప్పటి నుంచి తోటి ఉపాధ్యాయులు, పదవీ విరమణకు దగ్గరపడినవారు, పాత విద్యార్థులు అడుగుతున్న ప్రశ్నలకు ఇక్కడ ఒకేచోట జవాబులు రాస్తున్నాను.

పాఠాలు చెప్పినవారికి హత్యల కథలతో పనేమిటి?

నన్ను ఈ దారిలోకి తెచ్చింది హత్య కాదు, ఒక అడ్మిషన్ రిజిస్టరు. కొన్నేళ్ళ కిందట ఒక కేసులో పాత విద్యార్థి వయసు తేల్చడానికి రిజిస్టరు తీసుకుని రమ్మని కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. నిందితుడు మైనరా కాదా అన్న సందేహం వచ్చినప్పుడు న్యాయస్థానం ముందుగా చూసేవాటిలో బడి ఇచ్చిన పుట్టినతేదీ పత్రం ఒకటి. 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 94వ సెక్షన్ ఆ వరుసను చెబుతుంది. అది గానీ పదో తరగతి ధ్రువపత్రం గానీ లేకపోతే పురపాలక సంఘమో పంచాయతీయో ఇచ్చిన జనన ధ్రువపత్రం, అదీ లేకపోతే ఎముకల పరీక్ష.

బోనులో నిలబడి ఆ పేజీ తెరిచాను. పాత రిజిస్టర్లు చూసినవారికి తెలుసు, అందులో సగం మంది పిల్లలు జూన్‌లోనో జులైలోనో పుట్టి ఉంటారు. బడిలో చేర్చుకునే నాటికి అయిదేళ్ళు నిండినట్లు లెక్క కుదరడానికి ఎవరో ఒక మాస్టారు అలా రాసి ఉంటారు. ఆ గీత గీసినవారికి అది చేరిక సంఖ్య పెంచే చిన్న పని. పన్నెండేళ్ళ తర్వాత అదే గీత ఒక మనిషి జైలుకు వెళ్ళాలా, బాలల పరిశీలన గృహానికి వెళ్ళాలా అన్నది తేలుస్తోంది. “ఈ తేదీ నిజమేనా?” అని వకీలు అడిగారు. “రిజిస్టరులో ఇలా ఉంది” అని మాత్రమే నేను చెప్పగలిగాను. రాసినదానికీ జరిగినదానికీ మధ్య ఉన్న ఆ ఖాళీ నన్ను నిద్రపోనివ్వలేదు. ఇప్పటికీ నా కథలన్నీ అక్కడే మొదలవుతాయి.

అరవై దాటాక మొదలుపెడితే ఆలస్యం కాదా?

కాదు. నేరకథకు కావలసింది వేగంగా పరుగెత్తే కాళ్ళు కాదు. మనుషులు దేనికి భయపడతారో, దేన్ని దాచుకుంటారో తెలిసి ఉండాలి. ఇరవై ఏళ్ళ వయసులో నేను నేరం అంటే దుర్మార్గం అనుకునేదాన్ని. ఏళ్ళ తరబడి తల్లిదండ్రులతో మాట్లాడాక, చాలా నేరాలు పరువు కోసమో అప్పు కోసమో చెప్పిన చిన్న అబద్ధాన్ని కాపాడుకోవడానికి చేసినవని తెలిసింది.

ఉపాధ్యాయ వృత్తి నిజంగా పనికొస్తుందా, లేక మాటవరసకు అంటున్నారా?

నిజంగా పనికొస్తుంది. పదో తరగతి పబ్లిక్ పరీక్షలు నిర్వహించినవారిని అడగండి. ప్రశ్నపత్రాల బండిళ్ళు పోలీస్ స్టేషన్‌లో భద్రంగా ఉంటాయి. పరీక్ష రోజు ఉదయం చీఫ్ సూపరింటెండెంట్, డిపార్ట్‌మెంటల్ ఆఫీసర్ కలిసి వెళ్ళి, సీలు చూసుకుని, సంతకాలు చేసి తెచ్చుకుంటారు. కేంద్రంలో సాక్షుల ఎదుట సీలు విప్పుతారు. జవాబుపత్రాలు మళ్ళీ లెక్కపెట్టి, కట్టి, సీలు వేసి పంపుతారు. ఆ కాగితం ఏ నిమిషంలో ఎవరి చేతిలో ఉందో చెప్పగలగాలి.

నేరస్థలంలో దొరికిన కత్తికి కూడా ఇదే నియమం. ఎవరు చూశారు, పంచుల (సాక్షులుగా పిలిచిన స్థానికుల) ఎదుట ఎవరు స్వాధీనం చేసుకున్నారు, ఎవరు సీలు వేశారు, లేబొరేటరీకి ఎవరు పట్టుకెళ్ళారు. ఈ గొలుసులో ఒక్క కొక్కెం ఊడితే కేసు వీగిపోవచ్చు. మనం దీన్ని ఏటా మార్చి నెలలో చేతులతో చేసినవాళ్ళం. పుస్తకాల్లో చదివి నేర్చుకునే రచయితకు ఆ ఉదయపు గుండెదడ తెలియదు.

చేతిరాత సంగతీ అంతే. నలభై మంది నోటుపుస్తకాలు ఏడాదంతా దిద్దితే పేరు చూడకుండానే ఎవరిదో చెప్పగలుగుతాం. అన్న రాసిన హోంవర్కును, నాన్న సంతకాన్ని అనుకరించిన ప్రోగ్రెస్ కార్డును పట్టుకున్న చేతులు మనవి. అబద్ధం చెప్పే పిల్లవాడు అడగని వివరాలు ఎక్కువ చెబుతాడు. నిజం చెప్పేవాడు మధ్యలో మరిచిపోతాడు, వెనక్కి వెళ్ళి సరిదిద్దుకుంటాడు. నా నవలలో ఇన్‌స్పెక్టర్ అనుమానితుణ్ణి ప్రశ్నించే అధ్యాయం మొత్తం నేను స్టాఫ్ రూము బయట నిలబెట్టి అడిగిన ప్రశ్నల నుంచే వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. అబద్ధం చెప్పినవాణ్ణి అసహ్యించుకోకుండా అబద్ధాన్ని పట్టుకోవడం మన వృత్తి మనకు నేర్పింది. మరునాడు అదే పిల్లవాడికి పాఠం చెప్పాలి కదా. ఆ చూపు ఉన్న రచయిత రాసిన హంతకుడు మనిషిలా కనిపిస్తాడు.

మరి ఉపాధ్యాయులకు ఉండే బలహీనత ఏమిటి?

వివరించడం. బోర్డు మీద రాసి, చదివి, మళ్ళీ చెప్పించి, చివర్లో పునశ్చరణ చేసే అలవాటు ఎముకల్లోకి ఇంకిపోయి ఉంటుంది. తరగతిలో అది ధర్మం. థ్రిల్లర్‌లో అది కథను చంపుతుంది. నా మొదటి చిత్తుప్రతిలో ఇలా రాశాను:

“రాఘవయ్యకు చాలా భయంగా ఉంది. ఎందుకంటే రాత్రి తాను తాళం వేశాడో లేదో అతనికి గుర్తులేదు. తాళం వేయకపోతే నేరం తన మీదికి వస్తుంది.”

తిరగరాశాక ఇలా అయింది:

“రాఘవయ్య తాళాన్ని లాగి చూశాడు. మెట్లు దిగాడు. మళ్ళీ ఎక్కి వచ్చి, ఇంకోసారి లాగి చూశాడు.”

రెండోదానిలో భయం అన్న మాట లేదు, పాఠకుడికి మాత్రం అందింది. దీనికి నేను పాటించే పద్ధతి ఒకటుంది. అధ్యాయం పూర్తయ్యాక ‘ఎందుకంటే’, ‘కాబట్టి’, ‘అంటే’ అన్న మాటలన్నీ ఎర్రసిరాతో గుర్తుపెడతాను. వాటిలో మూడొంతులు కొట్టేస్తాను. మొదటిసారి ఇలా చేసినప్పుడు నా నవల 60 పేజీలు తగ్గింది.

మన దగ్గర ఉన్న మంచి అలవాటు కూడా ఇక్కడే అక్కరకు వస్తుంది. గంట కొట్టే ముందు జవాబు చెప్పకుండా ఒక ప్రశ్న వేసి “రేపు చూద్దాం” అన్నప్పుడు పిల్లలు వరండా దాకా వెంటపడి రావడం మీకు గుర్తుండే ఉంటుంది. అధ్యాయాన్ని అక్కడ ఆపాలి.

పాత విద్యార్థుల జీవితాలను కథల్లో వాడుకోవచ్చా?

ఈ ప్రశ్న అడిగినవారిని నేను ఎప్పుడూ కూర్చోబెట్టి మాట్లాడతాను. పిల్లలు మనకు చెప్పుకున్నవి ఉన్నాయి. ఇంట్లో తండ్రి కొట్టడం, తల్లి వెళ్ళిపోవడం, చెప్పలేక చెప్పిన ఇంకా ఘోరమైనవి. వాళ్ళు వాటిని టీచరుకు చెప్పారు, రచయితకు చెప్పలేదు. ఆ పిల్ల ఇప్పుడు ముప్ఫై ఏళ్ళ మనిషి కావచ్చు, మెట్రోలో నా పుస్తకం చదువుతూ ఉండవచ్చు. అలాంటి ఒక్క పాఠకురాలు తన గాయాన్ని నా పేజీలో గుర్తుపడితే, నేను చెప్పిన పాఠాలన్నీ వృథా.

పేరు మార్చినంత మాత్రాన సరిపోదు. వీధి, అమ్మ చేసే పని, చెల్లెలి జబ్బు అలాగే ఉంచితే తెలిసినవారు గుర్తుపడతారు. అందుకని నేను సంఘటనను తీసుకోను, అందులోని ఒత్తిడిని మాత్రమే తీసుకుంటాను. ‘తెలిసిన మనిషే దోషి అని తెలిసీ చెప్పలేకపోవడం’ అన్న ఒత్తిడిని ఒక పిల్ల దగ్గర చూశాను. నవలలో అది యాభై ఏళ్ళ బ్యాంకు క్యాషియర్‌కు వచ్చింది. ఆ పిల్ల జీవితంలోని ఒక్క వివరమూ అందులో లేదు.

చట్టం కూడా ఉంది. నేరానికి గురైన పిల్లల గుర్తింపును బయటపెట్టడాన్ని పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం, బాలల న్యాయ చట్టం రెండూ నిషేధిస్తాయి. లైంగిక నేరాల బాధితుల పేర్లు బయటపెట్టడం కొత్త శిక్షాస్మృతి అయిన భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. ‘ఇది నిజంగా జరిగిన కథ’ అని అట్ట మీద వేసుకోవాలని ఉబలాటపడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

పోలీసుల పని ఎలా తెలుసుకోవాలి? మాకు ఎవరూ తెలియదు.

తెలియనక్కర్లేదు. హైదరాబాద్‌లోని నాంపల్లి క్రిమినల్ కోర్టులకు వెళ్ళండి. కొన్ని రకాల కేసులు తప్ప విచారణలు బహిరంగంగానే జరుగుతాయి. వెనక బెంచీలో మర్యాదగా కూర్చుంటే ఎవరూ లేపరు. నేను పదకొండు రోజులు కూర్చున్నాను. వాయిదాలే ఎక్కువ. ఆ వాయిదాల్లోనే చాలా నేర్చుకున్నాను: పంచనామా మీద సంతకం పెట్టిన సాక్షి నాలుగేళ్ళ తర్వాత ఏమీ గుర్తులేదనడం, ఆ మాటకు కానిస్టేబుల్ ముఖంలో కనిపించిన అలసట, కూలి పోగొట్టుకుని వచ్చినవారు చెట్టు కింద అన్నం డబ్బా విప్పుకోవడం.

హోదాల్లో తప్పులు చేయకండి. హైదరాబాద్ కమిషనరేట్ పరిధి. ఇక్కడ ఎస్పీ, డీఎస్పీ ఉండరు, డీసీపీ, ఏసీపీ ఉంటారు. ఠాణాకు ఇన్‌స్పెక్టర్ అధిపతి. వేలిముద్రలు, రక్తపు మరకలు సేకరించడానికి క్లూస్ టీం వస్తుంది. నమూనాలు రెడ్ హిల్స్‌లోని ఫోరెన్సిక్ సైన్స్ లేబొరేటరీకి వెళతాయి. డీఎన్‌ఏ పరిజ్ఞానంలో దేశానికే పేరున్న కేంద్రం, సీడీఎఫ్‌డీ, మన ఉప్పల్‌లోనే ఉంది. నివేదిక మరునాడే చేతికి వచ్చినట్లు రాయడం మాత్రం సినిమాల అలవాటు. అది వచ్చేలోగా ఇన్‌స్పెక్టర్ ఏం చేస్తాడన్నదే మీ కథ.

కొత్త చట్టాలు వచ్చాక పాత సెక్షన్లు రాయవచ్చా?

కథ ఎప్పుడు జరిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. 2024 జులై 1న పాత శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్య చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియమం అమల్లోకి వచ్చాయి. ఆ తేదీకి ముందు జరిగిన నేరానికి పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది. హత్య అప్పుడు 302, ఇప్పుడు 103. మోసం 420 కాదు, 318. నా చేతిప్రతి పూర్తయ్యే సమయానికే ఈ మార్పు వచ్చింది. రెండు నెలలు కూర్చుని అంతా సవరించాను. ఠాణాలో పాత హెడ్ కానిస్టేబుల్ నోట ‘మూడు వందల రెండు’ అనిపించవచ్చు, అలవాటు కదా. ఎఫ్‌ఐఆర్‌లో మాత్రం రాయకూడదు.

రచయితకు నిజంగా ఉపయోగపడేవి రెండు. సోదా, స్వాధీనం చేసే తీరును వీడియో తీయాలని కొత్త చట్టం చెబుతోంది. ఎవరు తీశారు, ఏ క్షణంలో ఆపారు అన్నదాంతోనే ఒక అధ్యాయం నడపవచ్చు. రెండోది పాతదే: పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. అయితే నిందితుడు చెప్పినదాని వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత మేరకు చెల్లుతుంది. “బావిలో పడేశాను” అన్న ఒక్క మాట, బావిలోంచి తీసిన చేతిగడియారం. ఈ నియమం అర్థమైతే చివరి పేజీలో హంతకుడు గట్టిగా ఏడ్చి అంతా ఒప్పేసుకునే ముగింపు మీరు ఇక రాయలేరు.

శవపరీక్ష వివరాల్లో ఏం తప్పులు జరుగుతాయి?

చాలా. శరీరం బిగుసుకోవడం మరణించిన వెంటనే మొదలవదు, గంటలు పడుతుంది. మన మే నెల ఎండల్లో అది త్వరగా వచ్చి త్వరగా పోతుంది. కాబట్టి చలిదేశపు నవలలో చదివిన గంటల లెక్కను సికింద్రాబాద్ మేడ మీద గదికి అతికించవద్దు. క్లోరోఫామ్ రుమాలు ముక్కుకు తగిలించగానే మనిషి పడిపోడు, నిమిషాలు పడుతుంది. విషం అనుమానం ఉంటే అంతర్భాగాలను ఫార్మలిన్‌లో వేయరు, అది విషం జాడను పాడుచేస్తుంది. ఎక్కువగా వాడేది గాఢమైన ఉప్పునీరు. పిల్లలకు సంతృప్త ద్రావణం పాఠం చెప్పినన్ని ఏళ్ళూ దానికి ఇలాంటి పని ఉందని నాకు తెలియదు.

ఇంకొకటి. సూర్యాస్తమయం తర్వాత శవపరీక్ష చేయడానికి కేంద్రం 2021 నవంబరులో అనుమతించింది. కానీ హత్య, ఆత్మహత్య, అత్యాచారం, అనుమానాస్పద మరణం వంటివాటిని సాధారణంగా దాని నుంచి మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటేనే అవి రాత్రి చేస్తారు. కాబట్టి అర్ధరాత్రి మార్చురీ దృశ్యం రాసేముందు కారణం కూడా సిద్ధం చేసుకోండి.

హైదరాబాద్‌ను నేపథ్యంగా తీసుకుంటే చార్మినార్ తప్పదా?

తప్పుతుంది. మీరు ఇరవై ఏళ్ళు బస్సు దిగి నడిచిన వీధిని రాయండి. నా మొదటి నవలలో హత్య సీతాఫల్‌మండి దగ్గరి ఒక గల్లీలో జరుగుతుంది. దాన్ని విప్పే ఆధారం నల్లా నీళ్ళు. ఇక్కడ చాలా బస్తీల్లో నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి. నీళ్ళు వచ్చే వేళ ఆడవాళ్ళందరూ బిందెలతో మెలకువగా ఉంటారు, మోటార్లు మోగుతుంటాయి, ఎవరు ఏ ఇంట్లోకి వెళ్ళారో గల్లీ మొత్తం చూస్తుంది. నీళ్ళు రాని రోజు అదే గల్లీ గాఢనిద్రలో ఉంటుంది. హంతకుడు బయటివాడు, ఆ వరుస తెలియదు. సీసీ కెమెరాకు దొరకనిది నీళ్ళు పట్టుకునే అమ్మ కంట్లో పడింది.

భాష విషయంలో నా మాట ఇది: కథనం అందరికీ తెలిసిన తెలుగులో, సంభాషణ ఎవరి నోటి మాట వారిది. పాతబస్తీ ఆటో డ్రైవరు, కూకట్‌పల్లిలో స్థిరపడ్డ గుంటూరు కుటుంబం, మౌలాలి రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగిన మనిషి ఒకేలా మాట్లాడరు. యాసను నవ్వు పుట్టించడానికో, దొంగకు తగిలించడానికో వాడుకోవడం నాకు కోపం తెప్పిస్తుంది. మన తరగతి గదుల్లో ఆ యాసతో మాట్లాడిన పిల్లలే ఇవాళ పాఠకులు.

ముగింపు ముందే తెలిసి ఉండాలా?

హంతకుడు ఎవరో, ఎందుకో నాకు మొదటి రోజే తెలియాలి. ఎలా పట్టుబడతాడన్నది రాస్తూ కనుక్కుంటాను. ఇతరులు ఇంకోలా చేస్తారు.

రోజుకు ఎంతసేపు రాయాలి?

నేను ఉదయం అయిదున్నర నుంచి ఏడున్నర దాకా రాస్తాను, బడికి తయారయ్యే పాత వేళే. పదవీ విరమణ చేశాక తీరిక దొరుకుతుందనుకోవడం భ్రమ. మనవలు, ఆసుపత్రులు, పెళ్ళిళ్ళు, సంఘం పనులు మనకు తీరిక ఉందని తెలిసి వరుస కడతాయి. ఇంట్లోవారికి ఒక టైం టేబుల్ చెప్పి, దాన్ని తొలి గంటలా కాపాడుకోండి. ఇల్లు కుదరకపోతే చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయానికి వెళ్ళండి. ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల మధ్య కూర్చుంటే కలం ఆగదు. సుల్తాన్ బజార్‌లో 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం కూడా ఉంది. పాత పుస్తకాలకు ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌లు చూడండి, ఒకప్పుడు అద్దె లైబ్రరీల్లో తిరిగిన డిటెక్టివ్ నవలలు ఇంకా దొరుకుతాయి.

కంప్యూటర్‌లో తెలుగు టైపు చేయడం రాదు. చేత్తో రాయవచ్చా?

రాయవచ్చు, నేను అలాగే రాస్తాను. తర్వాత ఫోనులో చదివి వినిపిస్తే అదే టైపు చేస్తుంది, తప్పులు దిద్దుకోవాలి. దస్త్రం యూనికోడ్‌లో, అంటే ఏ ఫోనులోనైనా కంప్యూటర్‌లోనైనా తెరుచుకునే అక్షరాల్లో, ఉంచుకోండి. చాలా డీటీపీ కేంద్రాలు అచ్చు కోసం దాన్ని అను అనే పాత పద్ధతి ఫాంట్లలోకి మారుస్తాయి. ఆ మార్పిడిలో కొన్ని ఒత్తులు, పొల్లులు చెదురుతాయి. అందుకే మార్చాక తప్పనిసరిగా ఒకసారి అక్షరం అక్షరం చూడండి. పరీక్షాపత్రం ప్రూఫులు చూసినవారికి ఇది కొత్త పని కాదు.

పుస్తకం ఎలా అచ్చువేయించాలి?

మొదట నేను దెబ్బతిన్నాను, కాబట్టి వివరంగా చెబుతాను. ఒక ప్రచురణకర్త చేతిప్రతి తీసుకుని పద్నాలుగు నెలలు ఉంచుకున్నారు. ఆ తర్వాత అచ్చుఖర్చు నన్నే పెట్టుకోమన్నారు, హక్కులు మాత్రం తమకే రాసివ్వాలన్నారు. ఉపాధ్యాయులం కాబట్టి పెద్దమనిషి మాట నమ్మాం, కాగితం అడగలేదు. మీరు అడగండి. ఎన్ని ప్రతులు, ఎంత శాతం రాయల్టీ, ఎన్నేళ్ళు, సినిమా, ఆడియో హక్కులు ఎవరివి అన్నది సంతకం చేసిన కాగితం మీద ఉండాలి. మన దేశంలో రచన మీద హక్కు రచయిత జీవితకాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. నమోదు చేయించకపోయినా హక్కు మీదే. నా మనవల పిల్లల కాలం దాకా వెళ్ళే ఆస్తిని ఒక టీ తాగే వ్యవధిలో రాసిచ్చేయబోయాను.

సొంతంగా వేసుకుంటే పుస్తకానికి గుర్తింపుగా ఉండే ఐఎస్‌బీఎన్ సంఖ్య కోసం ఎవరికీ డబ్బు ఇవ్వకండి. కేంద్ర ప్రభుత్వపు రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ దాన్ని ఉచితంగా ఇస్తుంది. పేజీల సంఖ్య 16తో భాగించబడేలా చూసుకుంటే కాగితం వృథా కాదు. ఎక్కువ ప్రతులు వేసి మంచం కింద పెట్టుకోవద్దు, తక్కువ వేసి అవసరమైతే మళ్ళీ వేయండి. హైదరాబాద్ బుక్ ఫెయిర్ నాటికి పుస్తకం చేతిలో ఉంటే మంచిది. ఒక స్టాల్ దగ్గర నిలబడి పాఠకుడు పుస్తకం తిరగేసి ఏ పేజీ దగ్గర ఆగుతాడో చూడటం కన్నా గొప్ప పాఠం నాకు దొరకలేదు.

డబ్బు వస్తుందా?

పింఛను ఉంది కాబట్టి రాయగలుగుతున్నాను. మొదటి నవల అచ్చుఖర్చు తిరిగి వచ్చింది, కోర్టుకు తిరిగిన ఆటో ఛార్జీలు వచ్చాయి. ఉద్యోగం మానేసి దీనిమీద ఆధారపడతానంటే వద్దంటాను.

“టీచరమ్మ అయి ఉండి ఇలాంటివి రాస్తారా” అని అనలేదా?

అన్నారు. ఒక పాత సహోద్యోగి బాధపడి ఫోను చేశారు: పిల్లలకు నీతి చెప్పిన చేత్తో రక్తం రాయడమేమిటని. ఆవిడ మీద నాకు గౌరవం, అందుకే నిజం చెప్పాను. నా పుస్తకంలో దెబ్బ పడటం ఒక్క వాక్యంలో అయిపోతుంది. ఆ దెబ్బ వల్ల వంటింట్లో పొయ్యి వెలగని రోజులు నలభై పేజీలు ఉంటాయి. చనిపోయిన మనిషిని ఆధారాల మూటగా మాత్రమే చూసే కథలు నాకు నచ్చవు. హాజరుపట్టీలో వరసగా మూడు రోజులు ‘ఆబ్సెంట్’ పడితే ఇంటికి మనిషిని పంపేవాళ్ళం కదా, ఆ పిల్ల ఏమైందోనని. నేను రాసేది ఆ ఆరానే. ఆవిడ పుస్తకం తెప్పించుకుని చదివారు, మూడు అచ్చుతప్పులు గుర్తించి పేజీల సంఖ్యలతో సహా పంపారు.

నా చేతిప్రతి మీకు పంపితే చదువుతారా?

మొదటి మూడు అధ్యాయాలు పంపండి, మొత్తం వద్దు. ఒక వైపు మాత్రమే రాసి, పక్కన మార్జిన్ వదలండి. పంపేముందు పైన చెప్పిన ఎర్రసిరా పని మీరే చేసి ఉండాలి. మార్చి, ఏప్రిల్‌లో తప్ప ఎప్పుడైనా నెలలోపు జవాబు రాస్తాను. ఆ రెండు నెలలు మా బస్తీలోని పదో తరగతి పిల్లలకు ఉచితంగా భౌతికశాస్త్రం చెబుతున్నాను.